అప్‌డేట్: టీఐ-84లో చుక్కలు కనిపించాయి

టీఐ-84 గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్‌లో స్కాటర్ ప్లాట్ (రెండు లిస్టుల విలువల జతలను చుక్కలుగా చూపే గ్రాఫ్) గీయబోతే "డిమ్ మిస్‌మ్యాచ్" (లిస్టుల పొడవు సరిపోలలేదనే) ఎర్రర్ వస్తోందని అడిగాను కదా, సంగతి తేలింది. రెండు లిస్టుల పొడవు లెక్కపెట్టమన్నవారికి థాంక్స్. తప్పు నాదే. ఎల్1 అనే లిస్టులో 12 విలువలున్నాయి, ఎల్2లో 11. ఏడో వరుసలో ఒక అంకె కొట్టడం మర్చిపోయాను, దాంతో కిందివన్నీ ఒక గడి పైకి జరిగాయి. చివరి వరుస దాకా దిగి చూస్తే గానీ తెలియలేదు.

అది సరిచేశాక ఎర్రర్ పోయింది గానీ తెర మీద ఒక్క చుక్కా లేదు! నా ఎక్స్ విలువలన్నీ 150 పైన, విండో (తెర మీద కనిపించే పరిధి) ఏమో మైనస్ 10 నుంచి 10 దాకానే. జూమ్ నొక్కి 9 (జూమ్‌స్టాట్: డేటా అంతా కనిపించేలా విండోను సర్దేది) కొట్టగానే అన్నీ ప్రత్యక్షం. మధ్యలో ఏదో గీత కూడా కనిపించి కాసేపు టెన్షన్ పెట్టింది. సమీకరణాలు రాసే వై= తెరలో చెరపకుండా వదిలేసిన పాత సమీకరణం అది.