మెడ పైపూసలకు స్క్రూలు, రాడ్లు వేయించుకున్నవాళ్లు ఉన్నారా?

ఉద్దానం అబ్బాయి
మా నాన్నగారు కొబ్బరిచెట్టు మీంచి పడ్డారు. మెడ రెండో పూస పైన నిలువుగా ఉండే మొన విరిగిందని సీటీ స్కాన్‌లో తేలింది. మొదటి రెండు పూసలు, అంటే సి1, సి2 కలిపి బిగించాలని విశాఖ డాక్టరుగారు అంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. మెడ ఇక తిరగదా? ఆ ఇనుము లోపలే ఉండిపోతుందా?

బొబ్బిలి ఆడపడుచు
కంగారు పడకు తమ్ముడూ. నాకు రుమటాయిడ్ కీళ్లవాతంతో ఆ రెండు పూసల మధ్య పట్టు సడలింది. చేతులు తిమ్మిరెక్కి జాకెట్టు హుక్కులు కూడా పెట్టుకోలేకపోయేదాన్ని. ఆపరేషనయ్యాక ఆ తిమ్మిరి చాలావరకు తగ్గింది. తల పక్కలకు తిప్పడంలో సగం దాకా ఆ కీలుదే, అది మాత్రం పోతుంది. తల పైకీ కిందకీ ఆడించడానికి పెద్ద ఇబ్బంది లేదు. రోడ్డు దాటేటప్పుడు ఒళ్లంతా తిప్పి చూడాలి, అలవాటైపోయింది.

రాజాం ఫిజియో
ఇనుము కాదండీ, ఎక్కువగా టైటానియమే వాడతారు. తర్వాత ఎమ్మారై అవసరమైనా సాధారణంగా తీయించుకోవచ్చు. ఒక్కో పూసకి రెండువైపులా ఒక్కో స్క్రూ, అంటే నాలుగు. ఒక్కో వైపు పైస్క్రూనీ కిందిస్క్రూనీ ఒక రాడ్ కలుపుతుంది. పూర్వం తీగ చుట్టి కట్టేవారు, 1939లో గాలీ అనే సర్జన్ చెప్పిన పద్ధతి అది. పూసలు పక్కకు తిరగడాన్ని తీగ అంత బాగా ఆపలేకపోయేది. ముంబై కేఈఎం ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ అతుల్ గోయెల్ ప్లేట్లు, స్క్రూల పద్ధతిని 1994లో ప్రచురించారు. 2001లో జర్మనీ సర్జన్ హార్మ్స్ ప్లేట్ల బదులు రాడ్లు పెట్టారు. అందుకే గోయెల్-హార్మ్స్ అంటారు. ప్రపంచమంతా చేసే ఆపరేషన్‌లో మన దేశపు డాక్టరు పేరుండటం నాకెంతో గర్వం.

అసలు సంగతి చెబుతాను. పూసలను ఒకటి చేసేది స్క్రూలు కాదు, ఎముక. తుంటి దగ్గర నుంచి గానీ వేరే చోటు నుంచి గానీ ఎముక ముక్కలు తెచ్చి పూసల మధ్య పేరుస్తారు. అది అతకడానికి నెలలు పడుతుంది. శ్లాబు గట్టిపడేదాకా సెంట్రింగు నిలబెట్టినట్టే, కాకపోతే దీన్ని మామూలుగా తియ్యరు. ఎముక అతక్కపోతే ఎంత గట్టి లోహమైనా అలిసి, సడలడమో విరగడమో జరుగుతుంది. పొగ ఆ అతుకును దెబ్బతీస్తుంది. నాన్నగారికి చుట్టగానీ, నిప్పు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగగానీ అలవాటుంటే ఈరోజే మానిపించండి.

ఉద్దానం అబ్బాయి
చుట్ట ఉందండీ. ఇంకోటి, మళ్లీ సీటీ యాంజియో అని రక్తనాళాల స్కాన్ రాశారు. ఒకసారి తీశారు కదా?

రాజాం ఫిజియో
మెదడుకు రక్తం తీసుకెళ్లే వెర్టిబ్రల్ ధమని స్క్రూ వెళ్లే దారి పక్కనే ఉంటుంది. ఒక్కొక్కరిలో ఒక్కోలా వంకర తిరుగుతుంది. అది చూసుకుని స్క్రూ ఎటు వెళ్లాలో, ఎంత పొడవుండాలో నిర్ణయిస్తారు. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం కాబట్టి ముందే క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, చేయించండి. ఆ స్కాన్‌కి నరంలోకి మందు ఎక్కిస్తారు, కిడ్నీ బాగోలేకపోతే అది ఇబ్బంది పెట్టొచ్చు. కిడ్నీ సంగతి తెలియకుండా నొప్పి బిళ్లలు కూడా వాడకూడదు.

టెక్కలి మావయ్య
మా అల్లుడికి చేయించాం. ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కార్డుంటే ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లను కలిసి స్క్రూల ఖర్చు ప్యాకేజీలో కలిసిందో లేదో ముందే అడుగు. స్క్రూల పెట్టె మీది స్టిక్కర్లు కేసు షీటులో అతికిస్తారు, వాటి జిరాక్సు తీసి దాచు. ఇంటికొచ్చాక కాలర్ డాక్టరు చెప్పేదాకా తియ్యనివ్వకు. నెత్తిన మూట, బండి వెనక సీటు వద్దు. మంగలి షాపులో మెడ పట్టి టక్కుమని విరుస్తారే, అది ఇక జన్మలో వద్దు.

ఉద్దానం అబ్బాయి
అందరికీ దండాలు. చుట్టల కట్ట అమ్మ చేతికిచ్చేశాను. రేపు రక్తపరీక్ష చేయించాకే స్కాన్‌కి తీసుకెళ్తాం.