అప్‌డేట్: నోట్సు దాచుకునే పిల్లలు, గ్రూపు ప్రాజెక్టు సమస్య

తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రం గ్రూపు ప్రాజెక్టుల్లో ఒకరిద్దరే పని చేస్తున్నారని, మిగతావాళ్లు పేర్లు చేర్చుకుంటున్నారని, దాంతో బాగా చదివేవాళ్లు నోట్సు దాచేస్తున్నారని అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది జిగ్‌సా పద్ధతి, అంటే పాఠాన్ని ముక్కలు చేసి పంచితే పిల్లలే ఒకరికొకరు చెప్పుకోవడం. 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో, తెల్ల, నల్లజాతి పిల్లలను కలిపి కూర్చోబెట్టినప్పుడు చెలరేగిన గొడవలు తగ్గించడానికి మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ బృందం దీన్ని మొదలుపెట్టింది. నదుల పాఠంలో గుంపులో ఒకరికి గోదావరి ఇచ్చాను, మరొకరికి కృష్ణ, ఇంకొకరికి కావేరి. గోదావరి వచ్చినవాళ్లంతా ముందు కలిసి చదువుకుంటారు, తర్వాత ఎవరి గుంపుకు వాళ్లు వెళ్లి చెబుతారు. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద, ఎవరి మార్కులు వారివే. పక్కవాడు తడబడితే నష్టం తనకే కాబట్టి, క్లాసు ఫస్టు అమ్మాయే ఓపికగా ప్రశ్నలడిగి వాడి చేత చెప్పిస్తోంది. స్వార్థమే అనుకోండి, నాకు అభ్యంతరం లేదు!

గుంపుకంతటికీ ఒకే మార్కు వేస్తే తగాదాలు పెరిగాయి, మానేశాను. సీట్లు మార్చినా తేడా లేదు. నీతిబోధ సంగతి సరేసరి.

ఎవరైనా బడికి రాకపోతే ఆ భాగం ఖాళీ అవుతుంది, అందుకని ఒక్కో భాగం ఇద్దరికి ఇవ్వండి. మా గణితం మాస్టారు కూడా ప్రయత్నించారు గానీ, ముందు మెట్టు తెలియనిదే తర్వాతి మెట్టు అర్థం కాని పాఠాలకు ఇది కుదరలేదు.