పేరు ముందు ‘శ్రీమతి’: ఇది పెళ్ళి మాటా, గౌరవం మాటా?

నిన్న ఒక చెల్లెలు ఇక్కడ ఒక ప్రశ్న అడిగారు. ఆఫీసులో ఆమె గది తలుపుకి కొత్తగా నేమ్ ప్లేటు పెడుతున్నారట. “పెళ్ళయి ఆరు నెలలైంది. శ్రీమతి అని రాయించాలా, పాత కుమారి ఉంచాలా, ఏమీ లేకుండా వదిలెయ్యాలా?” అని ఆమె సందేహం. జవాబిచ్చిన వాళ్ళలో ఎక్కువమంది “పెళ్ళయింది కదా, శ్రీమతే” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఒకాయన “శ్రీ అంటే లక్ష్మి, మతి అంటే బుద్ధి, ఇంటికి లక్ష్మీ బుద్ధీ తెచ్చేది కాబట్టి భార్యను శ్రీమతి అంటారు” అని వ్యుత్పత్తి కూడా చెప్పారు. రెండింటితోనూ నాకు పేచీ ఉంది. ఇరవై రెండేళ్ళుగా కాలేజీలో తెలుగు చెప్తున్నాను. ఈ మాట నా ఉద్యోగంలో రెండుసార్లు గట్టిగా తగిలింది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు వ్యుత్పత్తి సంగతి. శ్రీమతిలో ఉన్న ‘మతి’కీ, మతిమరుపులో ఉన్న ‘మతి’కీ చుట్టరికం లేదు. ‘శ్రీ’ అనే మాటకు సంస్కృతంలో ‘కల’ అనే అర్థమిచ్చే మతుప్ ప్రత్యయం చేరితే ‘శ్రీమత్’ అవుతుంది. శ్రీ కలవాడు శ్రీమాన్, శ్రీ కలది శ్రీమతి. బుద్ధిమాన్, బుద్ధిమతి ఎలాగో, ఆయుష్మాన్, ఆయుష్మతి ఎలాగో ఇదీ అలాగే. అంటే శ్రీమతికి జోడీ శ్రీమాన్. వైష్ణవ పండితుల పేర్ల ముందు శ్రీమాన్ అని ఇప్పటికీ రాస్తున్నాం. ఆయనకు పెళ్ళయిందా లేదా అని ఆలోచించి రాస్తున్నామా? శ్రీమద్రామాయణం, శ్రీమద్భాగవతం, శ్రీమదాంధ్ర మహాభారతం అన్నప్పుడు ముందు నిలబడేదీ ఈ శ్రీమత్ శబ్దమే. నాకు అన్నిటికంటే నచ్చే ఉదాహరణ మరొకటుంది. “శ్రీమతే రామానుజాయ నమః” అని రోజూ ఎన్ని ఇళ్ళలో అనుకుంటారో! ఆ ‘శ్రీమతే’ ఈ శబ్దానికే పుంలింగంలో చతుర్థీ విభక్తి రూపం. సంసారం వదిలి సన్యాసం తీసుకున్న యతీంద్రులకు నమస్కారం పెట్టేటప్పుడు వాడిన మాట అది. అందులో పెళ్ళి ఊసు ఎక్కడుంది?

మరి పెళ్ళి ఎక్కడ అంటుకుంది? “మా శ్రీమతి ఊళ్ళో లేదండీ” అన్న వాడుక దగ్గర అని నాకు అనిపిస్తుంది. నలుగురిలో పెళ్ళాం అనలేక, భార్య అంటే మరీ కాగితం భాషలా ఉంటుందని, మర్యాదగా శ్రీమతి అన్నారు. దానికి తోడు ఇంగ్లిషు ఫారాలు తెలుగులోకి దిగినప్పుడు మిస్టర్‌కి శ్రీ, మిసెస్‌కి శ్రీమతి, మిస్‌కి కుమారి అని మూడు గళ్ళు గీశారు. పక్కన “వర్తించనిది కొట్టివేయుము”. మగవాడికి కొట్టివేసే పని తేలిక, ఆయన పుట్టిన దగ్గర్నుంచీ శ్రీ. ఆడదానికి మాత్రం ఆ గీత పెట్టాలంటే మెడ వైపు చూసుకోవాలి.

నిజానికి భర్తతో ముడిపడిన మాటలు మనకు వేరే ఉన్నాయి, కొదవేం లేదు. సుమంగళి, ముత్తైదువ, పునిస్త్రీ, సౌభాగ్యవతి. పాత ఉత్తరాల్లో ‘సౌ.’ అని, శుభలేఖల్లో పెళ్ళికూతురి పేరు ముందు ‘చి.ల.సౌ.’ అని రాసేది ఆ సౌభాగ్యవతినే. భర్త పోయిన ఆవిడకు ఉత్తరం రాస్తే ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అని మొదలుపెట్టేవారు. అందులో గౌరవం ఉందనేవాళ్ళున్నారు. కవరు చూడగానే పోస్టుమాన్‌కి కూడా ఆ ఇంటి సంగతి తెలిసిపోతుంది, నాకు అది బాధగానే ఉంటుంది. ఇవన్నీ ఇంటి మాటలు. ఆఫీసు గుమ్మం దాటి వచ్చే హక్కు వీటికి లేదు. శ్రీమతిని కూడా ఈ వరసలోకి లాగేశాం, వచ్చిన చిక్కంతా అదే.

ఇప్పుడు నా రిజిస్టరు కథ. ఉద్యోగంలో చేరిన రోజు అటెండెన్స్ రిజిస్టర్లో నా పేరు ముందు ‘కుమారి’ అని రాశారు. రెండో ఏడు పెళ్ళయింది. పదిహేను రోజుల సెలవు అయ్యాక వచ్చి రిజిస్టరు తెరిస్తే, కుమారి మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత, పైన సన్నటి అక్షరాలతో ‘శ్రీమతి’. అంతటితో ఆగలేదు. పుట్టింటి ఇనిషియల్ ‘వి’ కొట్టేసి, ‘కె’ వేశారు. అది రాసిన సీనియర్ అసిస్టెంటు గారు మంచి మనిషి. “నీకు శ్రమ లేకుండా నేనే మార్చేశానమ్మా” అన్నారు సంతోషంగా. ఆ నెల జీతం బిల్లులో కూడా అలాగే మార్చారు. సర్వీసు రిజిస్టర్లో ఒక పేరు, బిల్లులో ఒక పేరు ఉండేసరికి బిల్లు వెనక్కి వచ్చింది, పన్నెండు రోజులు జీతం లేదు. పదో తరగతి మెమోలో ఉన్న పేరే జీవితాంతం మనల్ని నడిపిస్తుందని ఉద్యోగం చేసే ప్రతి తెలుగమ్మాయికీ తెలుసు. డబ్బు తర్వాత వచ్చింది, అది పెద్ద విషయం కాదు. ఆ ఎర్ర గీత మాత్రం ఏడాది చివరి దాకా ప్రతి పేజీలోనూ అలాగే ఉంది. పేరు నాది, సంతకం నాది, అడగాల్సిన మనిషిని మాత్రం అడగలేదు.

రెండోది మా ఎకనామిక్స్ అక్కయ్య విషయం. నాకంటే పదేళ్ళు పెద్ద. భర్త పోయి నాలుగు నెలలు. కాలేజీ వార్షికోత్సవం ఆహ్వాన పత్రిక ప్రింటయి వచ్చింది. కమిటీలో ఆరుగురు ఆడవాళ్ళం. ఐదు పేర్ల ముందు శ్రీమతి ఉంది. ఆరో పేరు ముందు ఏమీ లేదు. పేర్లన్నీ ఒక నిలువు వరసలో పేర్చారు కాబట్టి ఆ జాగా ఖాళీగా, పన్ను ఊడిన చోటులా కనిపిస్తోంది. వేయించిన ఆయన బాధపెట్టాలని చెయ్యలేదు. శ్రీమతి అని వేస్తే ఆవిడ నొచ్చుకుంటారేమో అనుకున్నారట. అక్కయ్య ఆ కార్డు చేతిలోకి తీసుకుని, ఖాళీగా ఉన్న చోట బొటనవేలితో రెండుసార్లు రుద్ది, “ఈ మాట ఆయన తెచ్చి పెట్టిందా, ఆయనతో పాటు పోవడానికి?” అంది. స్టాఫ్ రూములో ఎవరం మాట్లాడలేదు. శ్రీమతి అంటే ‘భర్త కలది’ అని మనం అర్థం మార్చుకున్నాక, ఆ అర్థం ప్రకారం ఆయన చేసింది తప్పు కాదు. తప్పు మనం మార్చుకున్న అర్థంలో ఉంది.

మన దగ్గర మంచి సాక్ష్యం ఒకటుంది. రాజ్యాంగ సభ చర్చల రికార్డు తీసి చూడండి. రాజమండ్రిలో పుట్టిన మన దుర్గాబాయమ్మ (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్), ఆ సభ సభ్యురాలు, లేచి మాట్లాడిన చోట “శ్రీమతి జి. దుర్గాబాయి” అని ఉంటుంది. ఎనిమిదేళ్ళ వయసులో చేసిన పెళ్ళిని ఆమె అప్పటికి ఎప్పుడో వదిలి వచ్చేశారు. దేశ్‌ముఖ్ గారితో పెళ్ళి 1953లో. అంటే రాజ్యాంగం రాస్తున్న ఆ రోజుల్లో శ్రీమతి పక్కన భర్త లేడు. సభలో ఒక సభ్యురాలికి ఇచ్చిన గౌరవం, అంతే.

దీన్ని అమెరికా వాళ్ళు పడ్డ అవస్థతో పోల్చి చూడండి. ఇంగ్లిషులో మిసెస్, మిస్ రెండూ ‘మిస్ట్రెస్’ అనే ఒకే మాట నుంచి పుట్టాయి. తర్వాత ఒకటి పెళ్ళయిన వాళ్ళకీ, ఇంకొకటి కాని వాళ్ళకీ పంచేశారు. 1984లో డెమోక్రటిక్ పార్టీ తరఫున జెరాల్డిన్ ఫెరారో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేశారు. ఆమె పెళ్ళయినా వృత్తిలో పుట్టింటి పేరే ఉంచుకున్నారు. భర్త ఇంటిపేరు జకారో. న్యూయార్క్ టైమ్స్ పత్రిక అప్పటికి మిజ్ (Ms.) అనే మాట వాడేది కాదు, అందుకని ‘మిసెస్ ఫెరారో’ అని రాసుకొచ్చింది. ఇంగ్లిషు సంప్రదాయం ప్రకారం మిసెస్ ఫెరారో అంటే ఫెరారో అనే ఆయన భార్య, అంటే వాళ్ళమ్మ! పెళ్ళికి సంబంధం లేని మిజ్ అనే మాట 1901లోనే ఒక పత్రికలో ప్రతిపాదనగా వచ్చింది. న్యూయార్క్ టైమ్స్‌లోకి అడుగుపెట్టడానికి మాత్రం 1986 దాకా ఆగాల్సి వచ్చింది. మనకు ఆ గొడవ లేదు. మిసెస్ భర్త ఇంటిపేరు పక్కన కూర్చునే మాట, శ్రీమతి ఆ మనిషి సొంత పేరు పక్కన కూర్చునే మాట. పుట్టింటి ఇంటిపేరుతోనూ నప్పుతుంది, ఇంటిపేరు లేకపోయినా నప్పుతుంది. అంత మంచి మాట చేతిలో ఉంచుకుని మిసెస్‌కి నకలుగా మార్చుకున్నాం.

ఆ చెల్లెలి ప్రశ్న కింద మిగతావాళ్ళు అడిగిన వాటికి కూడా ఇక్కడే చెప్తాను.

‘సుశ్రీ’ వాడొచ్చు కదా అని ఒకరు రాశారు. హిందీలో పెళ్ళితో పని లేకుండా వాడుతున్నారు, కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల బోర్డుల మీద మనమూ చూస్తున్నాం. తప్పు మాటేమీ కాదు. కానీ తెలుగు నోట ఇంకా నలగలేదు. పైగా తెలుగులో సుశ్రీ అని ప్రత్యేకంగా రాస్తే “ఈవిడకు పెళ్ళి కాలేదా, విడిపోయారా?” అని ఆరా మొదలవుతుంది. ఏ ఆరా వద్దనుకున్నామో అదే మళ్ళీ వస్తుంది.

‘కుమారి’ సంగతి. పద్దెనిమిదేళ్ళ పిల్లకు ముద్దుగానే ఉంటుంది. యాభై ఏళ్ళ హెడ్‌మిస్ట్రెస్ గారిని, పెళ్ళి చేసుకోలేదు కాబట్టి కుమారి అనడం ఏం న్యాయం? పెళ్ళి కాని యాభై ఏళ్ళ ఆఫీసరు గది ముందు ‘కుమార ఫలానా రావు’ అన్న బోర్డు ఎక్కడైనా చూశారా? జర్మన్‌లో ‘ఫ్రాయ్‌లైన్’ సరిగ్గా ఇలాంటి మాటే, ‘చిన్న ఫ్రౌ’ అని అర్థం, ఫ్రౌ అంటే స్త్రీ. పశ్చిమ జర్మనీ ప్రభుత్వ ఆఫీసుల్లో 1972లో దాన్ని తీసేసి, పెద్దయిన ఆడవాళ్ళందరికీ ఫ్రౌ అనే రాయమన్నారు. మనమూ పెద్దయిన ప్రతి స్త్రీకీ, పెళ్ళయినా కాకపోయినా, భర్త ఉన్నా లేకపోయినా, శ్రీమతి అనే రాయొచ్చు. వ్యాకరణం ఒప్పుకుంటుంది. అలవాటు మనం చెయ్యాలి.

“ఇదంతా ఎందుకు, ‘గారు’ చాలదా?” అన్న అన్నయ్యతో నాకు పూర్తి అంగీకారం. ఆడ, మగ, పెళ్ళి, వయసు ఏదీ అడగని మాట అది. ఇంకో సంగతి కూడా చూడండి. ఆఫీసులో అసలు మర్యాద పేరు ముందు కంటే క్రియ చివర ఉంటుంది. “సార్ వచ్చారు, మేడం వచ్చింది” అని ఒకే వాక్యంలో అనేవాళ్ళను రోజూ వింటున్నాం. పేరు ముందు ఎన్ని శ్రీలు చేర్చినా ఆ ‘వచ్చింది’ దగ్గర తేలిపోతుంది. మా అటెండరు మాత్రం “మేడం వచ్చిండ్రు, సంతకాలు తీస్కోండ్రి” అంటాడు. నాకు ఆ ‘ఇండ్రు’లో వినిపించే గౌరవం ఏ బిరుదులోనూ వినిపించలేదు.

“అత్తగారు నొచ్చుకుంటారేమో, శ్రీమతి లేకపోతే” అని ప్రశ్న వేసిన చెల్లెలే తర్వాత అడిగారు. ఆ టెన్షన్ నాకూ తెలుసు. శ్రీమతి అని రాయించుకోవడం మీకు ఇష్టమైతే నిండుగా రాయించుకోండి, అది మీ మాటే. ఇష్టం లేకపోతే అత్తగారికి మన పాత మర్యాదే చెప్పండి. శ్రీ అయినా, శ్రీమతి అయినా, గారు అయినా ఎదుటివాళ్ళు మనకు పెట్టేవి. మన పేరుకు మనమే గారు చేర్చుకోం కదా, సంతకంలో శ్రీమతి అని పెట్టుకోం కదా. తలుపు మీది బోర్డు కూడా మన సంతకం లాంటిదే. పేరు, కింద హోదా ఉంటే చాలు. పెద్దవాళ్ళకు ఈ మాట తొందరగా అర్థమవుతుంది, మా అత్తగారికి అయింది.

పోయిన జూన్‌లో మా డిపార్ట్‌మెంటులో కొత్త అమ్మాయి చేరింది. రిజిస్టర్లో పేరెక్కించే పని ఇప్పుడు నాది. పెన్ను మూత తీసి, “పేరు ముందు ఏం రాయమంటావమ్మా?” అని అడిగాను. ఆ అమ్మాయి కొంచెం ఆలోచించి, “ఇప్పుడు శ్రీమతి అని రాస్తే తప్పవుతుందా మేడం? నాకు పెళ్ళి కాలేదు” అంది. తప్పు కాదు, ఎందుకు కాదో చెప్పాను. రాయమంది. రాశాను, నల్ల ఇంకుతో.