మొదటి వెల్డింగ్ మెషీన్ ఏది తీసుకోవాలి? ఇంటి వాడకానికి, అనంతపురం

పాతూరు పంతులు:
అందరికీ నమస్తే. మాది అనంతపురం పాతూరు. బ్యాంకు ఉద్యోగం, ఆదివారాలు ఖాళీ. చిన్నప్పటి నుంచి ఇనుప పనంటే సరదా, ఇప్పటికి మెషీన్ కొనే ధైర్యం వచ్చింది. చేయాలనుకుంటున్నవి మూడు: కడప బండ పైన పరిచే టీ టేబుల్‌కు స్టాండు, మేడ మీద పూలకుండీలకు రాక్, ఊర్లో నాన్న గొర్రెల దొడ్డికి గేటు. ఆన్‌లైన్‌లో 200 ఆంప్స్, 250, 300 అని రకరకాలు ఉన్నాయి. ఆరేడు వేల నుంచి మొదలైతే ఎక్కడిదాకా పోతాయో తెలియడం లేదు. షాపాయన మాత్రం "మిగ్ తీసుకో సార్, ఆర్క్ పాతబడింది" అంటున్నాడు (మిగ్ అంటే వైరు తనంతట తానే వచ్చేది, ఆర్క్ అంటే రాడ్డుతో కాల్చేది అంట). బడ్జెట్ అన్నీ కలిపి 12 వేలు. ఇంట్లో సింగిల్ ఫేజే. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

గుంతకల్లు లోకో:
డబ్బా మీద నంబరు తర్వాత చూద్దువు గానీ, ముందు మీ గోడకున్న ప్లగ్గు చూడండి సార్. ఆర్క్ వెల్డింగ్‌లో వోల్టేజీకి ఒక లెక్కుంది: 20కి ఆంప్స్‌లో నూరోవంతును నాలుగుసార్లు కలపాలి. 80 ఆంప్స్‌తో కాలిస్తే 23 వోల్టుల చిల్లర, అంటే 1.9 కిలోవాట్ల దాకా. మెషీన్‌లో పోయే నష్టం, పవర్ ఫ్యాక్టర్ కలుపుకుంటే గోడలోంచి 13, 14 ఆంప్స్ లాగుతుంది. 16 ఆంప్స్ ప్లగ్గుకు అది సరిపోతుంది. అదే 200 ఆంప్స్ నిజంగా కాల్చాలంటే సుమారు 40 ఆంప్స్ లాగాలి. ఏసీ ప్లగ్గులో పెట్టారంటే ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే ఆగిపోయే స్విచ్) పడిపోతుంది. అంటే 250, 300 అని రాసిన మెషీన్ కొన్నా మీ ఇంట్లో వాడేది 90, 100 లోపలే. ఆ పై నంబరుకు డబ్బు కట్టడం దండగ.

మీ మీటరుకు ఎంత లోడు రాయించారో కూడా కరెంటు బిల్లులో చూడండి. ఒక కిలోవాట్ అని ఉంటే పెంచించుకోవడం మంచిది.

కల్లూరు ఫ్యాబ్రికేషన్:
నేను కర్నూల్లో షాపు నడుపుతా. లోకో అన్న చెప్పింది కరెక్టు. దానికి ఇంకొకటి కలుపుతా: మీరు అతికించే ఇనుము ఎంత మందం ఉంటుందో దాన్నిబట్టి రాడ్డు, రాడ్డునుబట్టి ఆంప్స్. మీ రాక్‌కూ టేబుల్‌కూ ఇంచు స్క్వేర్ పైపు తెస్తారు. 16 గేజ్ అయితే 1.6 మిల్లీమీటర్లు, 18 అయితే 1.2. దానికి 12 నంబర్ రాడ్డు, అంటే 2.5 మిల్లీమీటర్లది, 60 ఆంప్స్ దగ్గర మొదలుపెట్టండి. 18 గేజ్ పైపుకు ఇంకా తగ్గించినా తూట్లు పడతాయి, 2 మిల్లీమీటర్ల రాడ్డు దొరికితే తీసుకోండి. గేటుకు యాంగిల్, ఫ్లాటు వాడితే 10 నంబర్ రాడ్డు, 90 నుంచి 120. ఇంటి పనికి అంతకు మించి అవసరం రాదు.

రాడ్డు ప్యాకెట్ మీద ఈ6013 అని ఉందా చూడండి. ఐఎస్ 814 ప్రకారం ఈఆర్4211 అని కూడా పక్కనే అచ్చేసి ఉంటుంది, రెండూ ఒకటే రకం. కొత్తవాళ్లకు ఇది తేలిగ్గా వెలుగుతుంది, స్లాగ్ (అతుకు మీద గడ్డకట్టే పెంకు) సుత్తితో తడితే లేస్తుంది. 7018 అనే ఇంకో రాడ్డు బలమైనదే. కానీ దాన్ని వాడే ముందు ఓవెన్‌లో ఆరబెట్టాలి, మీకెందుకు ఆ గోల.

తాడిపత్రి నల్లబండ:
నేను ఒప్పుకోను అన్నా. గ్యాస్ లేకుండా నడిచే మిగ్ ఇప్పుడు చిన్న సైజులో వస్తోంది. ఫ్లక్స్ కోర్డ్ వైరు (లోపల మందు నింపినది) వేసి ట్రిగ్గర్ నొక్కితే చాలు. రాడ్డు అంటుకోవడం, విదిలించడం, మళ్లీ వెలిగించడం ఏమీ ఉండవు. 18 గేజ్ పైపు మీద మా తమ్ముడు మొదటిరోజే లైను గీశాడు. ఆర్క్‌తో నాకది చాన్నాళ్లు పట్టింది.

కల్లూరు ఫ్యాబ్రికేషన్:
లైను గీయడం సరే, లోపలికి దిగిందా? ట్రిగ్గర్ నొక్కితే వైరు పోస్తూనే ఉంటుంది, పైన నున్నగా కనిపిస్తుంది, కింద అతుక్కోకపోయినా మనకు తెలియదు. నా షాపులో నేనూ మిగ్ వాడుతున్నా, మంచి మెషీనే. ఆయన 12 వేలల్లో మిగ్, హెల్మెట్, గ్రైండర్, కేబుల్ అన్నీ రావడమే కష్టం. సీఓ2 సిలిండర్ మాట వేరే చెప్పనక్కర్లేదు. ఇంకోటి, గ్యాస్ లేని వైరుకు టార్చ్ మైనస్‌కు, గ్యాస్‌తో వాడే మామూలు వైరుకు ప్లస్‌కు. చాలామంది ఆ మార్పు చేయకుండా నిప్పురవ్వలు ఎగురుతున్నాయని మెషీన్‌ను తిడుతుంటారు.

తాడిపత్రి నల్లబండ:
పోలారిటీ సంగతి నిజమే, అందులో వాదన లేదు. అయినా సన్న పైపు పని ఒక్కటే ఉన్నవాడికి మిగ్ సుఖమనే నా మాట. దొడ్డి గేటు ఉందన్నారు కాబట్టి ఆర్క్‌కే ఓటు.

మైలవరం కాలువ:
మాది జమ్మలమడుగు వైపు. ఊర్లో గేటు పని అన్నారు కదా, అక్కడి కరెంటు సంగతి ఆలోచించారా సార్? మోటార్లకు త్రీ ఫేజ్ వచ్చే టైములో మా వీధి చివర వోల్టేజీ 190కి పడిపోతుంది. ఇన్వర్టర్ మెషీన్లు (ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే తేలిక వెల్డింగ్ సెట్లు, ఇంట్లో బ్యాటరీది కాదు) చాలావాటి మీద 230కి 15 శాతం అటూ ఇటూ అని రాసి ఉంటుంది, అంటే కింద 195 వరకే. అంతకు తగ్గితే లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, ఆర్క్ మాత్రం నిలవదు. మా దగ్గర చాలామంది ఇప్పటికీ పాత ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు వాడేది అందుకే. రాగి చుట్టింది అయితే ముప్పై ఏళ్లు నడిచినవి చూశా.

గుంతకల్లు లోకో:
ట్రాన్స్‌ఫార్మర్ మొండిదే, కాదనను. కానీ ఇద్దరు పట్టి ఎత్తాలి, బాగా నడవాలంటే రెండు ఫేజులు కావాలి, అందులో ఏసీ కరెంటు తప్ప మరొకటి రాదు. ఇన్వర్టర్ నాలుగైదు కేజీలుంటుంది, డీసీ ఇస్తుంది. సన్న పైపుకు రాడ్డును మైనస్‌కు, మందపు యాంగిల్‌కు ప్లస్‌కు మార్చుకోవచ్చు. 6013 రెండింటికీ పలుకుతుంది. పాతూరులో మేడ మీదికి ట్రాన్స్‌ఫార్మర్ మోసేదెవరు చెప్పండి?

ఇక వోల్టేజీ. సగం నింద కరెంటోళ్ల మీద వేస్తాం గానీ సగం మన ఎక్స్‌టెన్షన్ వైరుది. 30 మీటర్ల వైరు 1 స్క్వేర్ ఎంఎం అయితే 16 ఆంప్స్ దగ్గర దాంట్లోనే 17 వోల్టులు పోతాయి. అదే 4 స్క్వేర్ ఎంఎం అయితే 4, 5 వోల్టులతో సరి. ఊర్లో 205 ఉన్నా సన్న వైరు వల్ల మెషీన్ దగ్గరికి 188 చేరుతుంది. మెషీన్‌లో వెయ్యి తగ్గించుకుని అయినా వైరు లావుది కొనండి. చుట్టచుట్టి ఉంచి వాడొద్దు, వేడికి కరిగిపోతుంది.

పాతూరు పంతులు:
ఇది ఎవరూ చెప్పలేదు సార్, షాపులో అయితే వైరు ఊసే రాలేదు. సరే, ఆర్కే తీసుకుంటా. ఇంకో సందేహం. 60 శాతం డ్యూటీ సైకిల్ అంటే ఏంటి? మన ఊర్లో మే నెలలో పరిస్థితి తెలిసిందే కదా.

కల్లూరు ఫ్యాబ్రికేషన్:
పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆగకుండా కాల్చొచ్చు, నాలుగు నిమిషాలు చల్లారనివ్వాలి. ఆ లెక్క కట్టేది 40 డిగ్రీల దగ్గర. మన వైపు ఎండాకాలం నీడలోనే 42, 43. రేకుల షెడ్డు కింద ఇంక చెప్పేదేముంది. కానీ ఆ 60 శాతం పూర్తి ఆంప్స్ దగ్గరిది. 200 మెషీన్‌ను 80 దగ్గర వాడితే ఎక్కువసేపు పలుకుతుంది. ఇంట్లో వాడేవాడికి ఆ నాలుగు నిమిషాలు ఎలాగూ పైపు కొలవడానికి, కోయడానికి పోతాయి. వేడెక్కిందని పసుపు లైటు వెలిగితే స్విచ్ ఆపేయకండి, లోపలి ఫ్యాన్ తిరిగితేనే చల్లారుతుంది.

ఎండ కంటే దుమ్ముకు భయపడండి. గ్రైండర్ పొడి ఇనుము కదా, ఫ్యాన్ దాన్ని లోపలికి లాగి బోర్డు మీద పరుస్తుంది. నా దగ్గరికి రిపేరుకు వచ్చే మెషీన్లు మూత తీస్తే లోపల నల్లగా, అయస్కాంతానికి అంటుకునే మసి. గ్రైండింగ్ చేసేచోటికి మెషీన్‌ను దూరంగా, గాలి వచ్చే వైపు పెట్టండి. నెలకోసారి ప్లగ్గు తీసి, కాసేపు ఆగి, బ్లోయర్‌తో ఊదండి.

ఐటీఐ పాత విద్యార్థి, కడప:
అన్నలూ, ఆంప్స్ గురించి ఇంతసేపు మాట్లాడారు, కళ్ల గురించి ఒక్కరూ చెప్పలేదు. వెయ్యి, పదిహేను వందల్లో ఆటో డార్క్ హెల్మెట్ వస్తుంది. షేడ్ 10 లేదా 11 పెట్టుకోండి. చేత్తో పట్టుకునే నల్లద్దం వద్దు, ఒక చెయ్యి దానికే పోతుంది. టాకా (ముక్కలు కదలకుండా వేసే చిన్న అతుకు) వేసేటప్పుడు "ఒక్క చుక్కే కదా" అని కళ్లు మూసుకుని కాల్చడం మన దగ్గర అందరికీ అలవాటు. ఆర్క్ కొట్టిన సంగతి అప్పుడు తెలియదు. రాత్రికి కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు, లైటు చూడలేరు. ఆలుగడ్డ ముక్కలు, చనుబాలు లాంటివి పెట్టకుండా కంటి డాక్టర్ దగ్గరికి పోండి. పక్కన నిలబడి చూసే పిల్లలకూ అంతే, ముందు వాళ్లను లోపలికి పంపండి.

జీఐ (జింకు పూత పూసిన) పైపు కాలిస్తే తెల్లటి పొగ వస్తుంది, అది జింకు. పీలిస్తే రాత్రికి చలిజ్వరం వచ్చినట్టు వణుకు. పాలు తాగితే పోతుందనేది ఉత్త మాట. అతికించేచోట పూత గ్రైండర్‌తో గీకేసి, గాలి పక్క నుంచి తగిలేలా కూర్చోండి. పాలిస్టర్ చొక్కా వద్దు, నూలు బట్టలు, తోలు గ్లౌజులు, బూట్లు. దొడ్డి దగ్గర అయితే శనగకట్టె వామికి ఎంత దూరముందో చూసుకోండి. వామి పక్కన పనే పెట్టుకోవద్దు. గేటును విప్పి బయట నేల మీద పెట్టుకుని కాల్చడం మేలు. బకెట్ నీళ్లు దగ్గర పెట్టుకుని, పని అయ్యాక అరగంట అక్కడే ఉండండి.

మైలవరం కాలువ:
ట్రాక్టరు మీద ఏమన్నా కాలిస్తే బ్యాటరీ వైర్లు రెండూ పీకేయండి. ఎర్త్ క్లాంప్ (మెషీన్ రెండో వైరు చివరి క్లిప్పు) కాల్చేచోటికి జానెడు దూరంలో పట్టించండి. ఎక్కడో చక్రానికి పట్టిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి పాడు చేస్తుంది.

పాతూరు పంతులు:
అప్‌డేట్. కల్లూరు అన్న చెప్పిన 12 నంబర్ రాడ్డుతో షాపులోనే కాల్చి చూపించమన్నా. ఒక షాపులో ఒప్పుకోలేదు, రెండో షాపులో చూపించారు, అక్కడే తీసుకున్నా. 200 ఆంప్స్ ఐజీబీటీ ఇన్వర్టర్, ఏడాది వారంటీ, రిపేరు చేసేది అనంతపురంలోనే. 4 స్క్వేర్ వైరు 20 మీటర్లు, ఆటో హెల్మెట్, గ్లౌజులు, ఒక ప్యాకెట్ రాడ్లు. గ్రైండర్ ఇంట్లో ఉంది కాబట్టి బడ్జెట్ లోపలే అయిపోయింది. టేబుల్ స్టాండు టాకాలు వేశా, చతురస్రంగానే ఉంది. పూర్తిగా కాల్చేసరికి ఒక కాలు పైకి లేచింది. బండ పెడితే ఊగుతుంది. ఏం చేయాలి?

కల్లూరు ఫ్యాబ్రికేషన్:
ఒక మూల మొత్తం కాల్చి ఇంకో మూలకు పోయుంటారు. వేడికి ఇనుము అటే గుంజుకుంటుంది. ఈసారి ఒక మూలలో కొంచెం, తర్వాత దాని ఎదురు మూలలో కొంచెం, అలా తిప్పుతూ కాల్చండి, మధ్యలో చల్లారనివ్వండి. నీళ్లు పోయొద్దు. ఇప్పటిదానికి ఆ కాలి దగ్గర లోపలి వెల్డ్ గ్రైండర్‌తో కోసి, చదునైన నేల మీద పెట్టి, గుంజి మళ్లీ టాకా వేయండి. మూడడుగులు రెండడుగుల బండ 20 మిల్లీమీటర్లదైతే ముప్పై కేజీలుంటుంది. అందుకని ఎక్కించే ముందు ప్రతి టాకానూ సుత్తితో కొట్టి చూడండి. బండ కింద నాలుగు మూలలా రబ్బరు ముక్కలు పెడితే చిన్న చిన్న ఎత్తుపల్లాలు సర్దుకుంటాయి.

తాడిపత్రి నల్లబండ:
బండ అంచు కూడా గుండ్రంగా రుద్దించండి సార్, మోకాలికి తగిలితే గట్టిగా కోస్తుంది. అయ్యాక ఫోటో పెట్టండి.