సిమ్యులేషన్‌ను ‘అనుకరణ’ అనవచ్చా?

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. డిప్లొమా చదివే పిల్లల కోసం ఎస్‌ఎంపీఎస్ డిజైన్ మీద తెలుగులో పాఠాలు రాస్తున్నాను. సెల్‌ఫోన్ ఛార్జర్‌లో, టీవీలో, కంప్యూటర్‌లో ఉండే పవర్ సప్లై అదే. ట్రాన్సిస్టర్‌ను సెకనుకు వేలసార్లు, లక్షలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజీని కావలసినంతకు తెచ్చే సర్క్యూట్. మూడో పాఠం దగ్గర ఆగిపోయాను. సర్క్యూట్‌ను కట్టకముందే కంప్యూటర్‌లో లెక్కలతో నడిపి చూడటాన్ని సిమ్యులేషన్ అంటాం. దానికి తెలుగులో ‘అనుకరణ’ అని రాస్తున్నారు. ఆ మాట నాకు మింగుడుపడటం లేదు.

‘అను’ అంటే వెంట, తర్వాత. అనుజుడు తర్వాత పుట్టినవాడు, అనుచరుడు వెంట నడిచేవాడు. అనుకరించాలంటే ముందు ఒకటి ఉండాలి. మిమిక్రీ కళాకారుడు ఒక నటుడి గొంతు దించేస్తాడు, ఆ గొంతు ముందే ఉంది కాబట్టి. మా పనిలో వరస తిరగబడుతుంది. సర్క్యూట్ ఇంకా పుట్టనే లేదు, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కలేదు. పుట్టబోయేది ఎలా ప్రవర్తిస్తుందో ముందే చూసుకుంటున్నాం.

సిమ్యులేషన్ చేసే ప్రోగ్రాములు పుట్టిందే అందుకు. 1970ల మొదట్లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ పెడర్సన్ దగ్గర లారెన్స్ నేగల్ రాసిన ‘స్పైస్’ 1973లో బయటికి వచ్చింది. ఆ పేరులో మొదటి అక్షరమే సిమ్యులేషన్‌ది. విడిభాగాలతో కట్టే సర్క్యూట్‌లో ఒక రెసిస్టర్ నచ్చకపోతే పీకి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఐసీ, అంటే ఒకే చిప్‌లో ఇమిడిన సర్క్యూట్, ఒకసారి తయారయ్యాక లోపల చెయ్యి పెట్టలేం. అందుకని తయారీకి ముందే లెక్కలో నడిపి చూడవలసి వచ్చింది. ఈ రోజు మేం ఉచితంగా వాడుకునే ఎల్‌టీస్పైస్ ఆ కుటుంబంలోదే.

నాకు తోచింది చెబుతాను. మోడల్‌కు ‘నమూనా’ ఎప్పటినుంచో ఉంది. ఆ నమూనాను ‘ఆడించి చూడటం’ అంటే సరిపోదా? వడ్లు మరాడిస్తాం, నువ్వులు గానుగాడిస్తాం. యంత్రం పనిచేస్తే ‘ఆడుతోంది’ అంటాం. నామవాచకం కోసం తంటాలు పడేకంటే తెలుగుకు సహజమైన క్రియతో పని జరుపుకుందామని నా ఆలోచన. మీరేమంటారు?

— జవాబు, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకులు

‘అను’ గురించి మీరన్నది నిజమే. కానీ అక్కడ అనుకరిస్తున్నది మీ సర్క్యూట్‌ను కాదు, ప్రకృతిని. ఓమ్ నియమం, కిర్కాఫ్ నియమాలు మీ సర్క్యూట్‌కు ముందునుంచీ ఉన్నాయి. డయోడ్ నమూనా కూడా నిజమైన డయోడ్‌ను కొలిచి తయారుచేసిందే. అందుచేత ‘అనుకరణ’లో తప్పు లేదు.

— జవాబు, మొదట అడిగినవారు

మాస్టారూ, ఆ వాదం ఒప్పుకుంటున్నాను. నేను ఇంత లోతుగా ఆలోచించలేదు. అయినా నా భయం వ్యుత్పత్తి దగ్గర లేదు, పిల్లవాడి చెవి దగ్గర ఉంది. ‘అనుకరణ’ అనగానే అతనికి నకలు తోస్తుంది. తెరమీద కనిపించేది అసలుకు నకలే కదా అని నమ్మేస్తాడు. నేనూ అలాగే నమ్మాను.

12 వోల్టులను 5 వోల్టులకు దించే బక్ కన్వర్టర్ ఒకటి వేశాను. లోడ్ 2 ఆంపియర్లు, స్విచింగ్ 100 కిలోహెర్ట్‌జ్, కాయిల్ 47 మైక్రోహెన్రీలు. స్విచ్ ఆన్‌లో ఉండే వంతు 5 బై 12, అంటే దాదాపు 42 శాతం. కాయిల్ కరెంటులో ఎగుడుదిగుడు 0.62 ఆంపియర్లు వచ్చింది. 220 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే అవుట్‌పుట్‌లో రిపుల్, అంటే వోల్టేజీలో మిగిలే చిన్న ఎగుడుదిగుడు, మూడున్నర మిల్లీవోల్టులే అని తెరమీద చూపించింది. ఎంత సంబరపడ్డానో! బోర్డు కట్టి స్కోపు (అలను తెరమీద చూపే ఆసిలోస్కోప్) పెడితే అరవై దాటింది. రెండు రాత్రులు ఒకటే టెన్షన్. తప్పు ఎక్కడో కాదు, నేను కెపాసిటర్ విలువ ఒక్కటే ఇచ్చాను. దాని లోపలి నిరోధం ఎంతో చెప్పకపోతే ప్రోగ్రామ్ సున్నా అనే తీసుకుంటుంది. నేను వాడిన ఎలక్ట్రోలైటిక్ రకం కెపాసిటర్‌లో అది 0.1 ఓమ్ దాకా ఉంది. 0.62తో గుణించండి, 62 మిల్లీవోల్టులు. ఆ ఒక్క అంకె చేర్చి మళ్ళీ ఆడిస్తే స్కోపులో చూసిన అలే తెరమీదికి వచ్చింది.

అది అబద్ధం చెప్పలేదు మాస్టారూ. నేనిచ్చిన నమూనాను ఆడించింది, అంతే. నమూనా నాది, పూచీ నాది. ‘నమూనాను ఆడించాను’ అనే వాక్యంలో ఆ పూచీ వినిపిస్తుంది. ‘అనుకరణ చేశాను’లో నాకు వినిపించదు. నేల విడిచి సాము అని మనవాళ్ళు అన్నది ఇలాంటి ఆదర్శ కెపాసిటర్లకు కూడా వర్తిస్తుంది.

— జవాబు, పశ్చిమ గోదావరి నుంచి

మా నాన్నగారిది రైసు మిల్లు. ‘ఆడించడం’ వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఒక్క సందేహం. మనిషిని ఆడించడం అంటే చెప్పుచేతల్లో పెట్టుకోవడం అనే అర్థం కూడా ఉందిగా. ‘చూడటం’ మాత్రం వదలకండి. ‘ఆడించి చూడటం’ అంటేనే పరీక్ష అనే భావం వస్తుంది.

— జవాబు, హైదరాబాద్‌లో పవర్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్

మా ల్యాబ్‌లో అందరం ‘సిమ్ రన్ చేశా’ అనే అంటాం అండీ, అది మారుతుందని నేననుకోను. నాకు కావలసింది వేరే మాట. ప్రోగ్రామ్ ‘కన్వర్జ్’ అవ్వకపోతే తెలుగులో ఏమనాలి? డయోడ్, మాస్‌ఫెట్ (స్విచ్‌గా వాడే ట్రాన్సిస్టర్) ఠక్కున మారే క్షణంలో సమీకరణాలు ఎన్నిసార్లు తిప్పినా జవాబు చిక్కక ఆగిపోతుంది. నేను జూనియర్లకు ‘కుదురుకోలేదు’ అని చెబుతున్నాను.

— జవాబు, మొదట అడిగినవారు

దానికి మన దగ్గర అచ్చమైన మాట ఉంది: ‘లెక్క తేలలేదు’. చిట్టా రాసే గుమాస్తా అనేదీ అదే. ‘కుదురుకోవడం’ను ఇంకో పనికి దాచుకుందాం. సప్లై ఆన్ చేశాక వోల్టేజీ కాసేపు ఊగి, తర్వాత నిలకడకు వస్తుంది చూశారా, దానికి అది అతికినట్టు సరిపోతుంది. రెండూ ఒకే మాటతో చెబితే పిల్లలు తికమకపడతారు. మొదటిది ప్రోగ్రామ్ చిక్కు, రెండోది సర్క్యూట్ నడత.

గోదావరి వారి సలహా ప్రకారం పాఠంలో వాక్యం ఇలా మార్చాను: “కెపాసిటర్ లోపలి నిరోధం కూడా ఇచ్చి, నమూనాను 5 మిల్లీసెకన్ల పాటు, అంటే 500 స్విచింగ్‌ల పాటు, ఆడించి చూడండి. లెక్క తేలాక, అవుట్‌పుట్ కుదురుకున్న చోటే రిపుల్ కొలవండి.” సిమ్యులేషన్ అనే మాటను పాఠం పేరులో మాత్రం ఉంచాను, పిల్లలు రేపు ఉద్యోగంలో వినేది అదే కాబట్టి. మాస్టారూ, మీకు ఇంకా అభ్యంతరం ఉంటే చెప్పండి, అచ్చుకు ఇచ్చేలోగా దిద్దుతాను.