టేబుల్ మౌంటెన్ మొదటిసారి ఎక్కేవారికి ఏ దారి మేలు: ప్లాట్టెక్లిపా, స్కెలిటన్ గోర్జా?

మేఘన
జనవరిలో కేప్‌టౌన్ వస్తున్నాం. మా వారు, పదిహేనేళ్ల మా అబ్బాయి, నేను. కొండకు ఒక్క రోజే కేటాయించగలం. నడిచే ఎక్కాలని అబ్బాయి పట్టుబట్టాడు. ప్లాట్టెక్లిప్ గోర్జ్ (గండి) గుండా ఎక్కమని కొందరు, కిర్‌స్టెన్‌బాష్ తోట వైపు నుంచి స్కెలిటన్ గోర్జ్ గుండా ఎక్కమని ఇంకొందరు అంటున్నారు. దిగేటప్పుడు ఎలాగూ రోప్‌వే ఉంది కదా అనుకుంటున్నాం. ముగ్గురికీ నడక అలవాటే గానీ రాళ్లెక్కిన అనుభవం పెద్దగా లేదు.

రాళ్లబాట
మేఘన గారూ, ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. ప్లాట్టెక్లిప్. నగరం వైపు టాఫెల్‌బర్గ్ రోడ్డు మీద దిగువ రోప్‌వే స్టేషను దాటి కిలోమీటరున్నర వెళ్తే దారి మొదలవుతుంది. అక్కడి నుంచి పైదాకా రాతి మెట్లు, మలుపులు. దారి తప్పే అవకాశం దాదాపు లేదు. రెండున్నర, మూడు గంటల్లో పైన ఉంటారు. ముందూ వెనకా మనుషులుంటారు కాబట్టి కాలు మెలిక పడినా సాయం దొరుకుతుంది. 1503లో పోర్చుగీసు నావికుడు ఆంటోనియో ద సల్దాన్యా ఈ గండి గుండానే పైకెక్కాడంటారు. అయిదు వందల ఏళ్ల తర్వాత కూడా కొత్తవారికి ఇంతకంటే సూటి దారి లేదు.

నడకరి
సూటి దారే, కాదనను. కానీ జనవరి మధ్యాహ్నం ఆ మెట్ల మీద ఎలా ఉంటుందో కూడా చెప్పాలి కదా, రాళ్లబాట గారూ. మన దేశంలో దక్షిణం వైపు ఎండ కాస్తుంది. అక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నుంచి కాస్తాడు, ప్లాట్టెక్లిప్ సరిగ్గా ఉత్తరానికి తిరిగి ఉంది. పైన గండి ఇరుకయ్యేదాకా తల దాచుకోవడానికి చెట్టు ఉండదు. ఇసుకరాయి వేడెక్కి కింద నుంచి కూడా సెగ కొడుతుంది. సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తు మూడు కిలోమీటర్లలో ఎక్కాలి, అంతా మెట్లే. వెనక్కి తిరిగితే నగరం, సముద్రం కనిపిస్తాయి నిజమే. ముందుకు చూస్తే ముందు నడిచేవారి మడమలే.

స్కెలిటన్ గోర్జ్ తూర్పు వాలులో ఉంది. తోట దాటగానే అడవి. దట్టమైన ఆకుల కింద నాచు పట్టిన రాళ్లు, పక్కనే వాగు, నిటారుగా ఉన్నచోట్ల చెక్క నిచ్చెనలు. ఆ పైన కొంత దూరం వాగులోని బండల మీదుగానే చేతులు ఆనించి ఎక్కాలి. పదిహేనేళ్ల పిల్లవాడికి ఇంతకంటే ఏం కావాలి? రెండు గంటలకు అడవి విడిచిపెడుతుంది. కొద్ది దూరంలో హెలీ-హచిన్‌సన్ జలాశయం, ఒడ్డున తెల్లటి ఇసుక, నీళ్లేమో టీ డికాక్షన్ రంగులో. అది మురికి కాదు, అక్కడి ఫిన్‌బోస్ పొదల నుంచి దిగిన రంగు. కొండ మీద ఇసుకలో కూర్చుని భోజనం చేయడం ప్లాట్టెక్లిప్ దారిలో దొరకదు. అక్కడి నుంచి ఇంకో గంట, గంటన్నర ఎక్కితే మెక్లియర్స్ బీకన్. 1,086 మీటర్లు, కొండకు అదే శిఖరం. రోప్‌వే మీద వచ్చినవాళ్లలో చాలామంది ఆ చివరికి రానే రారు.

ఇంకొకటి. జనవరిలో వాగుల అంచున ఎర్ర డిసా పూలు పూస్తాయి. వాటిని ఫలదీకరించేది ఒకే రకం గోధుమరంగు సీతాకోకచిలుక. దానికి ఎరుపంటే ఎంత ఇష్టమంటే ఎర్ర టోపీ పెట్టుకుంటే మీ తల చుట్టూ తిరుగుతుంది. అబ్బాయికి ఎర్ర టోపీ కొనివ్వండి.

ఇక ఈ రెండు దారుల గొడవ కంటే ముఖ్యమైనది మీ ప్రశ్నలో చివర ఉంది. రోప్‌వే "ఎలాగూ ఉంది" అనుకోకండి. గాలి పెరిగితే ఆపేస్తారు. వేసవిలో ఆగ్నేయం నుంచి వీచే గాలి తేమను కొండ మీదికి తోస్తుంది. పైకెక్కేకొద్దీ అది చల్లబడి మేఘమై బల్లపరుపుగా ఉన్న కొండ పైభాగం మీద పరుచుకుంటుంది, నగరం వైపు అంచు దాటి కిందికి జారుతూ మళ్లీ ఆవిరవుతుంది. దాన్నే టేబుల్ క్లాత్ అంటారు. కింద రోడ్డు మీద ఎండ కాస్తుండగానే పైన పది అడుగుల దూరం కనిపించని స్థితి వస్తుంది. అప్పుడు సైరన్ మోగిస్తారు, ఉన్నవాళ్లంతా క్యూలో నిలబడతారు. మీరు బీకన్ దగ్గర ఉంటే స్టేషను చేరడానికే ముప్పావు గంటో గంటో పడుతుంది. అందుకే ముందు దిగే దారి నిర్ణయించుకుని, తర్వాతే ఎక్కే దారి చూసుకోవాలంటాను. కాళ్లతో దిగగలమన్న లెక్కతోనే బయలుదేరండి. రోప్‌వే నడిస్తే సంతోషం.

పిచ్చుక
నడకరి గారి వర్ణన బాగుంది, అందుకే నాకు భయం. స్కెలిటన్ గోర్జ్‌కు జనాన్ని పంపేముందు ఆ వాగులో ఎవరు ఉంటున్నారో చెప్పాలి. టేబుల్ మౌంటెన్ ఘోస్ట్ ఫ్రాగ్ అనే కప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు, ఈ కొండ తూర్పు, దక్షిణ వాలుల్లోని కొన్ని వాగుల్లోనే ఉంది. అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. దాని తోకకప్పలు నోటితో రాళ్లను పట్టుకుని ప్రవాహంలో వేలాడతాయి. కప్పగా మారడానికి ఏడాదికి పైగా పడుతుంది, కాబట్టి ఏడాది పొడవునా పారే చల్లటి నీరు కావాలి. మనం దారి విడిచి వాగులో అడుగు పెట్టిన ప్రతిసారీ రాళ్లు కదులుతాయి, ఒడ్డు మట్టి నీళ్లలో కలిసి ఆ రాళ్ల మీద పేరుకుంటుంది. ప్లాట్టెక్లిప్ మెట్లు జనం తాకిడికి కట్టినవి. జనం అక్కడే ఉండటం కొండకు మంచిది.

రాళ్లబాట
పిచ్చుక గారి మాటకు తోడు నాదొకటి. తడిసిన ఆ బండల మీద అనుభవం లేనివారు జారిపడతారు. రాళ్లెక్కిన అనుభవం లేదని మేఘన గారే రాశారు. అందమైన దారి అని చెప్పి ప్రమాదమైన దారి చూపించడం నాకు నచ్చదు. మేఘన గారూ, రోప్‌వే కిందుగా నేరుగా పైకి వెళ్లే ఇండియా వెన్‌స్టర్ దారిని మాత్రం ఎవరు చెప్పినా ఎక్కకండి. మ్యాపులో పొట్టిగా కనిపిస్తుంది. అక్కడ గొలుసులు పట్టుకుని, రాతిలో దిగ్గొట్టిన ఇనుప మెట్ల మీద కాలు పెట్టి ఎక్కాలి.

నడకరి
ఇండియా వెన్‌స్టర్ విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను.

కప్ప సంగతి పిచ్చుక గారు చెప్పడం మంచిదైంది, ప్రతి నడకరికీ అది తెలియాలి. కానీ దాని నుంచి "ఎవరూ వెళ్లొద్దు" అన్న నిర్ణయానికి నేను రాలేను. వాగు ఎవరిదో తెలిసినవాడే అందులో బూట్లు కడగడు. గుర్తులు వేసిన బండల మీదే నడవాలి, నీళ్లలో దిగకూడదు, సబ్బు గానీ సన్‌స్క్రీన్ గానీ కలవకూడదు. వాన పడిన మర్నాడు అసలు వెళ్లకూడదు. ఆ తోట వైపు నుంచే నర్సరీ రవీన్ అనే ఇంకో దారి ఉంది, అది మెట్ల దారి, వాగు బండలెక్కే పని ఉండదు. రాళ్లంటే జంకేవారు అటు ఎక్కవచ్చు. స్కెలిటన్ గుండా ఎక్కినవారు కూడా దిగేటప్పుడు నర్సరీ గుండానే దిగాలి. తడి నిచ్చెనల మీద దిగడం ఎక్కడం కంటే కష్టం.

పిచ్చుక
మీరు బూట్లు కడగరు. మీ పోస్టు చదివి వచ్చే వంద మందిలో ఎంతమంది కడగరు? నర్సరీ అయితే నాకు అభ్యంతరం లేదు. ఆ మాట మొదటి పోస్టులోనే ఉంటే బాగుండేది.

మేఘన
అందరికీ ధన్యవాదాలు. నర్సరీ రవీన్ గుండా ఎక్కి, జలాశయం చూసి, బీకన్ దాకా వెళ్లి, ప్లాట్టెక్లిప్ గుండా దిగితే ఎలా ఉంటుంది? తోట దగ్గరికి టాక్సీలో వెళ్తాం కాబట్టి కారు కోసం వెనక్కి రావాల్సిన పని లేదు.

రాళ్లబాట
బాగుంటుంది. కొండ బల్లపరుపును తూర్పు, పడమరలుగా చీల్చేది ప్లాట్టెక్లిప్ గండే. బీకన్ నుంచి రోప్‌వే వైపు నడుస్తుంటే దాని తల మీకు ముందే తగులుతుంది. అక్కడ నిలబడి గాలి ఎలా ఉందో చూసుకుని రోప్‌వేనా, మెట్లా అని తేల్చుకోవచ్చు. తోట ఉదయం 8కి తెరుస్తారు, తెరవగానే లోపల ఉండండి. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బీకన్ చేరకపోతే శిఖరం వదిలేసి జలాశయం నుంచే నర్సరీ గుండా వెనక్కి దిగండి. ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్లకు తగ్గొద్దు, జనవరైనా గాలిని ఆపే కోటు తప్పనిసరి. పొద్దున్నే అంచు మీద మేఘం కూర్చుని కనిపిస్తే ఆ రోజు ఎక్కకండి. ఆ ఒక్క రోజును ప్రయాణం చివర్లో కాకుండా మొదట్లో పెట్టుకుంటే, మేఘం ఉన్నా మరో రోజుకు మార్చుకునే వీలుంటుంది.