ఆరో తరగతి నుంచే వృత్తి విద్య: మంచిదా, మళ్లీ కులవృత్తేనా?

జడ్పీ సైన్స్ టీచర్:
6–8 తరగతుల్లో పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, ఊళ్లోని వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. నేను దీనికి పూర్తిగా అనుకూలం. మొన్న పదో తరగతిలో త్రీపిన్ ప్లగ్ విప్పించాను. ఓమ్ నియమం గడగడా అప్పజెప్పే పిల్లలే, ఒక పిన్ను మిగతా రెండిటికన్నా పొడుగ్గా ఎందుకుందో చెప్పలేకపోయారు. పెట్టేటప్పుడు ఎర్త్ ముందు తగలాలి, తీసేటప్పుడు ఆఖరున వదలాలి, అందుకు. వైరు తొక్క ఒలిచి స్క్రూ బిగించాక, వెనక బెంచీ పిల్లాడు "మా ఇంట్లో మిక్సీ ప్లగ్ నేనే మారుస్తా సార్" అన్నాడు. ఈ ఏడాది వాడు క్లాసులో తనంతట తాను మాట్లాడింది అప్పుడే.

కుమ్మరి ఇంటి బిడ్డ:
మాస్టారూ, ప్లగ్గు పాఠం చాలా బాగుంది. కానీ కుమ్మరి అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా నాన్న సారె తిప్పేవారు. నేను మట్టి ముట్టుకుంటే "పోయి చదువుకో" అని తరిమేవారు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లె బడుల్లో రోజుకు మూడు గంటలే చదువు, మిగతా సమయం ఇంటి వృత్తి అంది. అది మొదలైనప్పుడు మన కోస్తా, సీమ జిల్లాలూ ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. కులవిద్య అంటూ పెద్ద వ్యతిరేకత వచ్చింది. 1954లో రాజాజీ ముఖ్యమంత్రి పదవి వదిలాక, ఆ కుర్చీలోకి వచ్చిన కామరాజ్ దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు చూడండి, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ చెప్పే బడుల్లో కుట్టు మిషన్ ఎక్కడైనా కనిపిస్తుందా? టైలరింగ్ మా పిల్లలకి, ఐఐటీ వాళ్ల పిల్లలకా?

వొకేషనల్ ట్రైనర్:
నేను 9, 10 తరగతులకు ఎలక్ట్రానిక్స్ చెబుతాను. నలభై మందికి రెండు మల్టీమీటర్లు. నా జీతం ఏజెన్సీ ద్వారా వస్తుంది, అదీ మూణ్నెల్లకోసారి. సోల్డరింగ్ తీగ నా డబ్బుతోనే కొంటున్నాను. ముందు ఇది సరిచేయండి.

జడ్పీ సైన్స్ టీచర్:
మీరన్నది కాదనలేను అమ్మా. కుమ్మరి ఇంటి పిల్లకి మళ్లీ మట్టి ఇస్తే అది చదువు కాదు, అన్యాయం. ఆమెకి సోల్డరింగ్ ఐరన్ ఇవ్వాలి, డాక్టరు గారి అబ్బాయిని సారె ముందు కూర్చోబెట్టాలి. ప్రైవేటు బడులకూ తప్పనిసరి చేయాలి, మార్కులుండాలి. ఇంజనీరింగ్‌కి వెళ్లే దారి ఎవరికీ మూయకూడదు.

కుమ్మరి ఇంటి బిడ్డ:
అందరికీ అంటే నేనూ మీ వైపే మాస్టారూ. మా పిల్లల బడికే అంటే మాత్రం ఒప్పుకోను.